కత్తెర చేతిలో, సంకల్పం మనసులో

గడ్డం పెంచటం గురించి మన ఇళ్ళలో తరచూ చర్చ జరుగుతుంది. దాన్ని కత్తిరించి తీరుగా ఉంచుకోవటం గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. కొందరి దృష్టిలో గడ్డానికి కత్తెర తగిలిందంటే భక్తి తగ్గినట్టే. మరికొందరు 'అల్లాహ్ చూసేది మనసుని, ముఖాన్ని కాదు' అని తేల్చేస్తారు. మరి విశ్వాసి అద్దం ముందు నిలబడి కత్తెర పట్టుకోవటం భక్తికి లోపమా, శోభా?

సున్నత్ చూపిన దారి

మీసాలు కురచగా కత్తిరించి, గడ్డాలు పెరగనివ్వమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) హజ్ లేక ఉమ్రా చేసినప్పుడు తన గడ్డాన్ని పిడికిట పట్టి, పిడికిలికి మించిన వెంట్రుకల్ని కత్తిరించేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ప్రవక్త (స) అడుగుజాడల్ని అంత శ్రద్ధగా అనుసరించిన సహాబీ ఆచరణ ఇది.

దీని ఆధారంగా పిడికెడు ఉంచి, మించినది తీయవచ్చని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. షాఫయీ పండితులైన ఇమామ్ నవవీ (రహ్మలై) ముట్టుకోకుండా వదిలేయటమే మేలన్నారు. మన ప్రాంతంలో అధికులు హనఫీలే అయినా, హైదరాబాద్ బార్కస్‌లో హద్రమౌత్ మూలాలున్న షాఫయీ కుటుంబాలూ ఉన్నాయి. ఎవరు నమ్మిన ధర్మవేత్తల మాటను వారు పాటిస్తూ, ఎదుటివారిని గౌరవించటమే సంస్కారం.

శుభ్రత అహంకారమా?

ఒకసారి తలా గడ్డమూ చిందరవందరగా ఉన్న వ్యక్తి వస్తే, వెళ్ళి సరిచేసుకు రమ్మని దైవప్రవక్త (స) సైగ చేశారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఉంది. అంటే నిర్లక్ష్యం భక్తికి గుర్తు కాదు.

అణువంత అహంకారమున్నా స్వర్గ ప్రవేశం లేదని ప్రవక్త (స) చెప్పినప్పుడు ఒకరికి భయం వేసింది. మంచి దుస్తులు, మంచి చెప్పులు ఇష్టపడటం కూడా అహంకారమేనా అని అడిగారు. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ఇష్టపడతాడని, సత్యాన్ని తిరస్కరించటం, జనాన్ని చిన్నచూపు చూడటమే అహంకారమని ఆయన (స) వివరించారు. గీత ఎక్కడుందో గమనించండి. అది అద్దంలో లేదు, ఎదుటి మనిషిని చూసే చూపులో ఉంది. కనుక నటుణ్ణో ఆటగాణ్ణో చూసి గడ్డానికి గీతలు దిద్దుకుని తోటివారిని తక్కువగా చూసేవాడూ, పొడవాటి గడ్డం నిమురుకుంటూ అలాగే చూసేవాడూ ఒకే రోగంతో బాధపడుతున్నారు.

ఇక 'అల్లాహ్ మనసునే చూస్తాడు' అనే వాదన. ఆ హదీసులో హృదయాలతో పాటు ఆచరణలు కూడా ఉన్నాయి. సున్నత్‌ను అనుసరించటమూ ఒక ఆచరణే. మనసు బాగుంటే చాలని ఆచరణను వదిలేసేవాడు హదీసులో సగమే చదివినట్టు.

ఇంట్లో కత్తిరించుకునేటప్పుడు

బిస్మిల్లాహ్ అని, కుడివైపు నుంచి మొదలుపెట్టండి. గడ్డాన్ని కడిగి, ఆరాక దువ్వండి. తడి వెంట్రుకలు పొడవుగా వేలాడతాయి. అప్పుడు కత్తిరిస్తే ఆరాక అనుకున్న దానికంటే పొట్టిగా మిగులుతాయి. గడ్డం కింద పిడికిలి పట్టి, దాని కిందికి వచ్చిన వాటినే కొద్దికొద్దిగా తీయండి. ఎక్కువైనా మళ్ళీ తీయవచ్చు, తక్కువైతే అతికించలేం. మీసాలు పై పెదవి మీదికి రాకుండా చూసుకోండి. వాటిని నలభై రోజులకు మించి వదలరాదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం. బ్లేడు, రేజరు ఎవరివి వారికే ఉండాలి. రక్తం అంటిన బ్లేడు ద్వారా హెపటైటిస్ బి, సి వంటి జబ్బులు సోకవచ్చు. ఇహ్రామ్‌లో వెంట్రుకలు తీయకూడదు. ఖుర్బానీ ఇవ్వదలచినవారు జుల్‌హిజ్జా నెలవంక కనిపించక ముందే ఈ పని ముగించుకోవాలి. తర్వాత ఖుర్బానీ అయ్యేదాకా ఆగాలి.

కత్తెర కన్నా పదునైనది

పదిహేడేళ్ళ కుర్రాడు లేత గడ్డంతో మస్జిదుకు వస్తాడు. ఒక పెద్దాయన అందరి ముందూ 'ఇదేం గడ్డం?' అని నవ్వుతాడు. మర్నాడు ఆ కుర్రాడు రాడు. పిడికెడు గడ్డం కాపాడబోయి ఒక నమాజీని పోగొట్టుకున్నాం. విశ్వాసులు ఒకరినొకరు ఎగతాళి చేసుకోరాదని, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. గడ్డం విషయంలో సున్నత్‌ను గుర్తుచేస్తూ ఈ స్పష్టమైన ఆజ్ఞను తుంగలో తొక్కటం ఎంత విచారకరం! అదే మాటను తండ్రి ఇంట్లో, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, కత్తెర ఎలా పట్టాలో చూపిస్తూ చెబితే, ఆ బిడ్డ జీవితాంతం మరచిపోడు.

సోదరులారా! అద్దం ముందు నిలబడినప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ఇది ఎవరి మెప్పు కోసం? ఇందులో నేను ఎవరిని అనుసరిస్తున్నాను? బయటికి వెళ్ళాక ఎవరినైనా తక్కువగా చూస్తానా? ఈ ప్రశ్నలకు జవాబు సరిగా ఉంటే, కత్తెర పట్టిన ఆ కొద్ది నిమిషాలూ ఆరాధనలో చేరతాయి.

అల్లాహ్ మన రూపంతో పాటు మన హృదయాలనూ తీర్చిదిద్దుగాక! ఆమీన్.