తెరిచి ఉన్న తలుపులు

అమెరికాలో ఏ తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్ళినా, ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘దేవుడు ద్వారం తెరిచాడు.’ హెచ్-1బి లాటరీలో పేరు వచ్చినా అదే మాట, పోయిందనుకున్న ప్రాజెక్టు మళ్ళీ దొరికినా అదే మాట, ఇంటి లోన్ మంజూరైనా అదే మాట. దాని వెనక ఉపవాస ప్రార్థనలుంటాయి, కన్నీళ్ళుంటాయి, ఊళ్ళో పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన తండ్రి ఉంటాడు. కృతజ్ఞత చెప్పుకునే నోటిని ఆపే హక్కు ఎవరికీ లేదు. నా బెంగ వేరు. మేలు జరిగాక చెప్పుకోవాల్సిన ఆ మాటని నిర్ణయం తీసుకునే ముందే కొలబద్దగా వాడేస్తున్నాం. తలుపు తెరిచి ఉంది కాబట్టి లోపలికి వెళ్ళడమే దేవుడి చిత్తం అనుకుంటున్నాం. తలుపు అవతల ఏముందో, ఎవరున్నారో చూడటం మానేస్తున్నాం.

మన చేతిలో ఉన్న గ్రంథం ఇలా చెప్పడం లేదు. యోనా దేవుడికి ఎదురు తిరిగి పారిపోవాలనుకున్న రోజున యొప్పే రేవులో తర్షీషుకి వెళ్ళే ఓడ సిద్ధంగా ఉంది. చేతిలో ప్రయాణ ఖర్చుకి డబ్బుంది. ఓడలో చోటుంది. అన్నీ కుదిరాయి. ఏన్గెదీ గుహలో దావీదు పరిస్థితి అంతకంటే తేటగా ఉంది. తనని చంపడానికి వెంటాడుతున్న సౌలు ఒంటరిగా అదే గుహలోకి వచ్చాడు. ఇది దేవుడిచ్చిన అవకాశమే అని పక్కనున్న వాళ్ళంతా చెప్పారు. దావీదు అంగీ అంచు మాత్రం కోశాడు, ఆ కోసినందుకే మనసు కొట్టుకుంది. అవకాశం వచ్చింది కదా అని చెయ్యి ఎత్తలేదు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఈ రెండు కథలూ బొమ్మలు వేసుకుంటూ నేర్చుకున్నాం. పెద్దయ్యాక వీసా స్టాంపింగ్ దగ్గర మర్చిపోతున్నాం.

ఎడిసన్‌లో మన వాళ్ళుండే వీధుల నుంచి దక్షిణంగా గంటసేపు వెళితే మౌంట్ హోలీ అనే చిన్న ఊరు వస్తుంది. 1740ల మొదట్లో అక్కడ ఒక దుకాణంలో జాన్ వూల్మన్ అనే కుర్రాడు లెక్కలు రాసేవాడు. 1720లో, క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబంలో పుట్టాడు. చుట్టుపక్కల వాళ్ళు దస్తావేజులూ వీలునామాలూ అతని చేతే రాయించుకునేవారు. ఒకరోజు యజమాని ఉన్నట్టుండి పిలిచి, తన దగ్గరున్న నల్లజాతి బానిస స్త్రీని అమ్మేశానని, అమ్మకం కాగితం రాయమని చెప్పాడు. కొనేవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. అతనూ క్వేకరే, వయసు మళ్ళిన పెద్దమనిషి. న్యూజెర్సీలో అప్పుడు బానిసల్ని అమ్మడం, కొనడం చట్టసమ్మతం. కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. జీతం ఇచ్చే యజమాని చెప్పాడు, కొనేవాడు తమ సంఘంలోని పెద్దమనిషే. వూల్మన్ రాశాడు. రాసి, ఇది క్రైస్తవ ధర్మానికి తగిన పని కాదని తనకు అనిపిస్తోందని వాళ్ళిద్దరి ముందే చెప్పాడు. చెప్పినందుకు మనసు కాస్త తేలికపడింది గానీ పూర్తిగా కుదుటపడలేదని తర్వాత తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ స్త్రీ పేరు ఆ దినచర్యలో లేదు.

ఈ సంఘటనలో ఏ మలుపూ లేదు. సాతాను వచ్చి శోధించలేదు, సింహాల గుహ లేదు. ఒక మామూలు పని రోజు, ఒక కాగితం, పక్కన వేచి ఉన్న మనిషి. మన జీవితంలో ధర్మసంకటం వచ్చేది కూడా ఎక్కువగా ఇలాగే. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు. అడిగేది మనకు అన్నం పెట్టే మనిషో, మనం గౌరవించే పెద్దాయనో అయి ఉంటారు. కాదంటే వాళ్ళ మొహం ఎలా మారుతుందో అన్న భయమే సగం పని చేసేస్తుంది.

కొంతకాలానికి మరో యువకుడు వచ్చి తన ఇంట్లోని బానిస తనకు చెందినట్టు కాగితం రాయమన్నాడు. ఈసారి వూల్మన్ మర్యాదగా కాదన్నాడు. చిత్రమేమిటంటే, ఆ యువకుడు తనకూ మనసులో ఈ విషయం ఇబ్బందిగానే ఉందని ఒప్పుకున్నాడు. ఆ బానిస అతని భార్యకి కానుకగా వచ్చిందట. మొదటివాడు నోరు తెరిస్తే తప్ప రెండోవాడి లోపల ఏముందో బయటపడదు. ‘అందరూ ఇదే చేస్తున్నారు’ అని మనం అంటామే, ఆ అందరిలో ఎంతమంది నిద్రలేని రాత్రులు గడుపుతున్నారో ఎవరూ లెక్క తీయలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకొక ఘట్టం. పొరుగాయన ఒకరికి ఒంటికి పెద్ద దెబ్బ తగిలి, ఆ కాలపు వైద్యం ప్రకారం రక్తం తీయడానికి వూల్మన్‌ని పిలిపించుకున్నాడు. ఆ పని అయ్యాక వీలునామా రాయమన్నాడు. ఏ బిడ్డకి ఏమివ్వాలో చెబుతూ తన దగ్గరున్న చిన్న వయసు బానిస అమ్మాయిని ఏ బిడ్డకి ఇవ్వాలో కూడా చెప్పాడు. మనిషి బాధలో ఉన్నాడు. బతుకుతాడో లేదో తెలీదు. అలాంటివాడి మంచం పక్కన నిలబడి ధర్మోపన్యాసం ఇవ్వొచ్చా? పోనీ, జాలిపడి మొత్తం రాసేయొచ్చా? వూల్మన్ ఆ రెండూ చేయలేదు. బానిస సంగతి ఒక్కటి వదిలేసి మిగిలిన వీలునామా అంతా రాశాడు. మంచం దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాడు. సాటి మనిషిని బానిసగా చేసే మాట తాను రాయలేనని, రాస్తే తన మనశ్శాంతి పోతుందని స్నేహంగా చెప్పాడు. అంతవరకూ రాసినదానికి డబ్బు తీసుకోలేదు. ఇద్దరూ దాని గురించి గంభీరంగా మాట్లాడుకున్నారు. చివరికి ఆ మనిషి ఆమెకి విముక్తి ఇస్తానన్నాడు. అప్పుడు కూర్చుని వీలునామా పూర్తి చేశాడు.

ఇందులో ‘నువ్వు పాపివి’ అన్న మాట లేదు. ‘నేను రాయలేను’ అన్న మాట ఉంది. ఆ నిరాకరణకి అయిన ఖర్చు తనే భరించాడు, ఎదుటివాడి నెత్తిన వేయలేదు. బబులోనులో దానియేలు కూడా రాజుగారి భోజనం వద్దన్నప్పుడు బల్ల తన్నేయలేదు. అధికారికి తల పోయే ప్రమాదం ఉందని గ్రహించి, పది రోజులు పరీక్షించి చూడమని బతిమాలాడు. గట్టిగా నిలబడటం, మెత్తగా మాట్లాడటం ఒకే మనిషిలో ఉండగలవు. మన సంఘాల్లో మొదటిదాన్నే విశ్వాసం అంటున్నాం. రెండోదాన్ని బలహీనత అంటున్నాం. ఇది నన్ను బాధిస్తుంది.

వూల్మన్‌కి ఇంకో అలవాటుండేది. ఏ వస్తువు చేతిలోకి వచ్చినా దాని అవతలి కొసన ఎవరున్నారని చూసేవాడు. చక్కెర వెనక వెస్టిండీస్ తోటల్లోని బానిసలు కనిపించారు, చక్కెర మానేశాడు. బానిసలున్న ఇంట్లో ఆతిథ్యం తీసుకోవాల్సి వస్తే, వెళ్ళేటప్పుడు ఆ పనివాళ్ళకి డబ్బు ఇచ్చి వెళ్ళేవాడు. 1772లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు, గుర్రాలనీ వాటిని తోలే కుర్రాళ్ళనీ ఎలా హింసిస్తున్నారో విని గుర్రబ్బండి ఎక్కకుండా నడిచే వెళ్ళాడు. ఆ ఏడాది అక్టోబరులో యార్క్ పట్టణంలో మశూచి సోకి చనిపోయాడు. మరో నాలుగేళ్ళకి, 1776లో, ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ బానిసల్ని వదలని వాళ్ళకి సంఘంలో చోటు లేదని తీర్మానించింది. అది ఆయన ఒక్కడి వల్లే జరగలేదు. ఆయన కంటే ముందూ, ఆయనతో పాటూ పోరాడినవాళ్ళున్నారు. కానీ ఆ కాగితాల దగ్గర ఆగిన కలం ఆ తీర్మానం దాకా నడిచింది.

మన కాలపు కాగితం రెజ్యూమె. మా సంఘంలో మాస్టర్స్ పూర్తి చేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) మీదున్న కుర్రాడొకడు ఆరాధన అయ్యాక కార్ల దగ్గరికి వచ్చి అడిగాడు: ‘అంకుల్, కన్సల్టెన్సీ వాళ్ళు ఆరేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టారు. ఎవరైనా ఫోన్ చేస్తే మీ కింద పనిచేశానని ఒక్క మాట చెబుతారా?’ చెప్పలేను నాన్నా అన్నాను. వాడు వాదించలేదు. ‘మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేసుకున్నాకే వాళ్ళ ఫోన్ వచ్చింది అంకుల్’ అన్నాడు. వాడి కళ్ళలో మోసం లేదు. భయం ఉంది. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఊళ్ళో అప్పు మీద వడ్డీ పెరుగుతోంది. అద్దె ఇంట్లో నలుగురు కుర్రాళ్ళు, ముగ్గురు ఇదే దారిలో ఉద్యోగం తెచ్చుకున్నారు.

వాడితో నేను పాపం గురించి మాట్లాడలేదు. అవతలి కొసన ఎవరున్నారో ఆలోచించమన్నాను. అదే ఉద్యోగానికి ఇంకో తెలుగమ్మాయి ఉన్న రెండేళ్ళూ రెండేళ్ళని రాసి పంపి ఉంటుంది. ఆ ఆరేళ్ళ అబద్ధం ముందు ఆమె నిజం ఓడిపోతుంది. ఆమె కూడా ప్రార్థన చేసుకునే ఉంటుంది.

తెరిచిన తలుపు ఎంత మోసం చేయగలదో తెలుగు వాళ్ళకి మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ కేసు చూపించింది. ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అనే పేరుతో అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే ఒక నకిలీ విశ్వవిద్యాలయం నడిపారు. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు. అయినా పేరు ప్రభుత్వ జాబితాలో ఉంది, విద్యార్థి వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం వచ్చేది, ఫీజు కట్టించుకునేవారు. దాదాపు 600 మంది చేరారు. వాళ్ళలో చాలామంది మన పిల్లలు. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి. విద్యార్థుల్ని చేర్చిపెట్టారన్న కేసులో పట్టుబడిన ఎనిమిది మందిలోనూ ఎక్కువమంది తెలుగు వాళ్ళే. ఆ ఉచ్చు పన్నిన ప్రభుత్వాన్ని నేను సమర్థించలేను. ఇరవై రెండేళ్ళ పిల్లలకి వల వేసి పట్టుకోవడం నా మనస్సాక్షికి ధర్మంగా తోచదు. అయితే క్లాసులే లేని కాలేజీలో ఫీజు కట్టేటప్పుడు లోపల ఏదో గొంతు మెల్లగా అడిగే ఉంటుంది. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నప్పుడు ఆ గొంతుని వినడం ఇంకా కష్టం.

మన తెలుగు నేల మీదే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. ఐయోవా నుంచి ఒంగోలుకి వెళ్ళిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వాళ్ళకి పని, కూలీ ఇచ్చాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఒక మిషనరీకి అంతకంటే పెద్ద ద్వారం ఏముంటుంది? క్లౌ దాన్ని మూసి ఉంచాడు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ దేవుణ్ణి కొనుక్కోకూడదన్నదే కారణం. కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని అందరికీ తెలిసింది. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాల్లో ఆ 2,222 సంఖ్యని గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న పదిహేను నెలల గురించి చెప్పుకోవడం నేను అరుదుగానే విన్నాను. నాకు ఆ నెలలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి.

ఇంకో సంగతి కూడా అక్కడే ఉంది. క్లౌ ముందు కూలీ చూపించాడు, తర్వాతే తలుపు మూశాడు. కడుపు నిండే దారి వేరే లేకుండా ‘ఆగండి’ అని ఉంటే అది క్రూరత్వమే అయ్యేది. కుర్రాడికి నేను చెప్పలేనన్నాను సరే, వాడి వచ్చే నెల అద్దె ఎవరు కడతారు? నిజం రాసిన రెజ్యూమెతో ఉద్యోగం రావడానికి నాలుగు నెలలు పడితే ఆ నాలుగు నెలలూ వాడు ఎక్కడ తింటాడు? ధర్మం చెప్పే వాళ్ళం ఈ ప్రశ్నలకి జవాబు చెప్పకపోతే, మన మాట వాడి మీద మరో భారం అవుతుంది.

మాది చిన్న సంఘం, అయినా చేయగలిగినవి ఉన్నాయి. ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో బేస్‌మెంట్లు ఖాళీగా ఉన్నాయి. మాలో ఇంటర్వ్యూలు చేసే మేనేజర్లున్నారు. చదువులో చేసిన ప్రాజెక్టుల్నే నిజాయితీగా ఎలా చెప్పుకోవాలో వాళ్ళు శనివారాలు కూర్చుని నేర్పగలరు. క్రిస్మస్ స్టేజీ అలంకరణకి ఖర్చు పెట్టే డబ్బులో సగంతో ఒక నిధి మొదలుపెట్టొచ్చు, కన్సల్టెన్సీకి కాదన్న పిల్లలకి ఉద్యోగం దొరికేదాకా అద్దెకీ సరుకులకీ. వచ్చే కమిటీ మీటింగులో ఈ మూడూ రాసి పెడుతున్నాను. స్టేజీ దగ్గర అభ్యంతరం వస్తుందని తెలుసు. వచ్చినా పెడతాను. ఆ కుర్రాడికి మాత్రం మా బేస్‌మెంట్ తాళం చెవి ఇప్పటికే ఇచ్చేశాం.