లడ్డూలోని బలం ఎవరిది?

మనిషికి శక్తి ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు తత్వవేత్తలు రకరకాల సమాధానాలిచ్చారు. మన ఇళ్ళలో నాలుగేళ్ళ పిల్లవాడికి మాత్రం టెలివిజన్ రోజూ ఒకే సమాధానం చెబుతున్నది: లడ్డూ తింటే వస్తుంది.

పిల్లలు చూసి నవ్వుకునే బొమ్మలకథ గురించి విమర్శ పత్రికలో చర్చ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పెద్దలు చదివే నవలలో రచయిత దృక్పథం ఏమిటని మనం ప్రతి పేజీ వెతుకుతాం. ఇంకా అక్షరాలు రాని పిల్లలకు రోజూ అందుతున్న దృక్పథాన్ని పట్టించుకోకపోవడం ఏం న్యాయం? పెద్దలు నవలను నమ్మవచ్చు, మానవచ్చు. పిల్లలు కథను నమ్ముతారు.

"ఛోటా భీమ్" మన హైదరాబాదు సరుకే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తయారుచేసిన ఈ ధారావాహిక 2008లో పోగో ఛానల్లో మొదలయింది. ఢోలక్‌పూర్ అనే రాజ్యంలో తొమ్మిదేళ్ళ భీముడుంటాడు. ఆపద వచ్చినప్పుడల్లా లడ్డూ నోట్లో వేసుకుంటాడు, కండలు పొంగుతాయి, దొంగలూ రాక్షసులూ మాంత్రికులూ చిత్తవుతారు. ఆ సంస్థే తీసిన "మైటీ రాజు"లో లడ్డూ కూడా అక్కర్లేదు. శాస్త్రవేత్త అయిన తండ్రి తయారుచేసిన న్యూట్రినో ద్రవాన్ని గర్భవతిగా వున్న తల్లి పొరపాటున తాగింది గనక పిల్లవాడు బలవంతుడుగానే పుట్టాడు. ఒకడికి పుట్టుకతో బలం, ఒకడికి తిండితో బలం. ఇద్దరిలో ఎవరికీ పనితో బలం రాలేదు.

అయితే ఆ లడ్డూ ఆకాశంనుంచి పడలేదు గదా! ఎవరో శనగలు పండించారు. ఎవరో పిండి పట్టారు. టున్‌టున్ మౌసి పొయ్యి దగ్గర చెమటోడ్చి లడ్డూలు చేసింది. ఆమె కూతురు చుట్కీ వాటిని భీముడికి అందించింది. అంటే భీముడి చేతిలో కనిపించే బలం నిజానికి పదిమంది శ్రమ. కాని కథ దాన్ని భీముడి ఖాతాలోనే వేస్తుంది. మౌసి వొళ్ళు లావు, ఆమె గొంతు పెద్దది, లడ్డూలు మాయమైనప్పుడు ఆమె పెట్టే కేకలు నవ్వు పుట్టించడానికి. బలం తయారుచేసేది ఆమె, నవ్వులపాలయ్యేదీ ఆమే. సరుకు వెనక వున్న శ్రమ కంటికి కనపడకుండా పోయి, సరుకుకే ఏదో మహిమ వున్నట్టు తోస్తుందని మార్క్స్ "పెట్టుబడి" మొదటి అధ్యాయంలో వివరించాడు. ఆ అధ్యాయం చదవడానికి ఎమ్మే విద్యార్థులు కూడా అవస్థ పడతారు. దాని సారాంశాన్ని తలకిందులు చేసి ఢోలక్‌పూర్ అయిదేళ్ళ పిల్లలకు సులభంగా నేర్పుతున్నది!

ఇది నేను పైనుంచి అంటగట్టిన సిద్ధాంతం కాదు. మా ఆదిభట్లలో ఒక చిన్నపిల్ల నన్నడిగింది: "సార్, పొద్దుందాకా లడ్డూలు చేసే ఆమె ఒక్కటి గూడ తినదా? తింటే ఆమెకెందుకు బలం రాదు?" ఈ ప్రశ్నను మించిన విమర్శ నేను రాయలేను.

ఆ పిల్ల పెరుగుతున్న వూరు ఎటువంటిదో చెప్పాలి. ఆదిభట్ల ఒకప్పుడు ఇబ్రహీంపట్నం ప్రాంతపు వ్యవసాయ గ్రామం. ఇప్పుడక్కడ వైమానిక పరిశ్రమల పార్కు వుంది. హెలికాప్టర్ల కాబిన్లూ రవాణా విమానాల తోక భాగాలూ అక్కడ తయారై దేశదేశాలకు పోతాయి. 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ మొండెం తయారవుతుంది. అపాచీ ఎగిరినప్పుడు ప్రపంచం కంపెనీ పేరు చెబుతుంది, నడిపిన సైనికుడి సాహసం చెబుతుంది, కొన్న ప్రభుత్వపు బలం చెబుతుంది. రేకు మలిచిన చేతినీ, రివెట్ బిగించిన చేతినీ ఎవరూ చెప్పరు. ఆ యంత్రం యుద్ధానికి పనికొచ్చేది కావడం మంచిదా అన్నది వేరే పెద్ద చర్చ. ఇక్కడ నేననేది ఇంతే: ఆకాశంలో ఎగిరే శక్తికి నేలమీద చెమట వుంది. ఇది కళ్ళముందు జరుగుతున్న వూళ్ళో కూడా పిల్లలు సాయంత్రం ఇంటికెళ్ళి, శక్తి అంటే ఒకడి నోట్లో పడిన మిఠాయి అని నేర్చుకుంటున్నారు.

ఇక ఢోలక్‌పూర్ రాజ్యవ్యవస్థ. ఇంద్రవర్మ మంచి రాజు. ఆపద వస్తే భీముణ్ణి పిలుస్తాడు. ఊరు మాత్రం తనను తాను ఎన్నడూ కాపాడుకోదు. పారిపోతుంది, దాక్కుంటుంది, ఆఖరున చప్పట్లు కొడుతుంది. ఈ ఆపదలు ఎందుకొస్తున్నాయని రాజును అడిగేవాడు లేడు. భీముడున్నంతకాలం రాజుకు సంజాయిషీ అక్కర్లేదు. వీరుడికోసం ఎదురుచూడటం అలవాటైన ప్రజలకు పెద్దయ్యాక ఏ "వీరుడు" దొరుకుతాడో చరిత్ర మనకు చాలాసార్లు చూపించింది.

హాస్యం మాటేమిటి? నవ్వు తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎవరిమీద పడుతున్నదో చూడాలి. ఢోలక్‌పూర్‌లో నవ్వు కాలియామీద పడుతుంది. వాడు లావు, తిండిపోతు, పిరికి. భీముడు తింటే వీరత్వం, కాలియా తింటే వెకిలితనం! అమెరికాలో 2013లో మొదలైన "టీన్ టైటన్స్ గో!" ఈ విషయంలో కొంత నయం. అందులో కుర్ర వీరులే నవ్వులపాలవుతారు. లోకాన్ని రక్షించడం మాని తిండిగురించీ ఇంటిపనిగురించీ తగువులాడుకుంటారు. కాని ఆ నవ్వు ఎక్కడికి చేరుతుంది? ఒక భాగంలో నాయకుడు రాబిన్ తన మిత్రులకు ఇల్లు కొని అద్దెకిచ్చి ఆస్తి పెంచుకునే విద్య నేర్పుతాడు. ఎగతాళిగానే కావచ్చు. అయినా వీరత్వాన్ని కూలదోసిన నవ్వు అద్దెలు వసూలు చేసే యజమాని దగ్గరకొచ్చి ఆగిపోయింది. అక్కడ కూడా వూరి జనం వెనక గీసిన బొమ్మలే.

మన తోలుబొమ్మలాటలో ఇట్లా లేదు. రామరావణుల కథ నడుస్తుండగా కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ మధ్యలో జొరబడతారు. వాళ్ళ హాస్యంలో మోటుతనముంది, బూతూ వుంది. దాన్ని నేను సమర్థించను. కాని పురాణం వీరులది అయితే ఆ మధ్యభాగం జనానిది. దేవుళ్ళ కథను ఆపి తమ తగువులూ తమ తిట్లూ వినిపించే హక్కు వాళ్ళకుంది. తెరమీద కదిలే బొమ్మ మనకు కొత్త కాదు. ఆ హక్కు మాయమవడమే కొత్త.

పిల్లలకు కల్పన కావాలి, లడ్డూకు బదులు ఆర్థికశాస్త్రం పెడతారా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బలం కావాలన్న పిల్లవాడి కోరిక తప్పు కాదు. ఇంట్లో, బడిలో, వీధిలో అందరికన్నా చిన్నవాడు వాడు. బలహీనుడు బలాన్ని కలగనకపోతే ఇంకెవరు కలగంటారు? అభ్యుదయ సాహిత్యమంతా ఆ కలనుంచి పుట్టిందే. మనం అడగవలసింది ఆ కలను తీసెయ్యమని కాదు. అందులో మిగతావాళ్ళకు కూడా చోటు పెట్టమని.

ప్రేక్షకులకు న్యాయాన్యాయాలు తెలియవనీ అనుకోనక్కరలేదు. 2020లో, భీముడు చుట్కీని కాదని రాజకుమారి ఇందుమతిని పెళ్ళాడాడని పుకారు పుట్టి, చుట్కీకి న్యాయం కావాలని సామాజిక మాధ్యమాల్లో పెద్ద అలజడి అయింది. ఆ పాత్రలింకా పిల్లలేనని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ఇందులో పరిహాసం చాలా వుంది. కాని ఆ పరిహాసం కింద ఒక నిజమైన బాధ వుంది: ఇన్నేళ్ళూ లడ్డూలు మోసుకొచ్చిన పిల్లను పక్కకు నెట్టి రాజుగారి బిడ్డకు పట్టం కడితే జనానికి కష్టంగా తోచింది. శ్రమకు లెక్క వుండాలన్న జ్ఞానం చావలేదు.

ఆ జ్ఞానాన్ని మేలుకొలపడానికి ఉపాధ్యాయులు టెలివిజన్ను నిషేధించనక్కరలేదు. తరగతిలో ఒక కథ చెప్పించవచ్చు. ఒకరోజు టున్‌టున్ మౌసి పొయ్యి వెలిగించనన్నది. శనగలు పండించినవాళ్ళూ పిండి పట్టినవాళ్ళూ ఆమె పక్కన నిలబడ్డారు. భీముడు వొట్టి చేతులతో వాళ్ళ దగ్గరికొచ్చాడు. తరవాత ఢోలక్‌పూర్‌లో ఏం జరిగిందో పిల్లల్నే చెప్పమనండి.