సృష్టివైషమ్యము – సమదృష్టి

సృష్టియందు హెచ్చుతగ్గు లేల? ఒకనికి సమృద్ధియు, మఱియొకనికి లేమియు నేల? ఈ ప్రశ్న దుఃఖితుని హృదయమునుండి పుట్టినది. దీనికి చెప్పు సమాధానము వానిని మఱింత నొప్పించునది కారాదు.

జడప్రపంచమున వైషమ్య మెట్లు పెరిగినదో ఆధునిక ఖగోళశాస్త్రము చూపుచున్నది. ఆకాశమున అన్ని దిక్కులనుండియు సమముగ వచ్చు మందమైన రేడియో కిరణములను గూర్చి పెంజియాస్, విల్సను అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిరి. విశ్వారంభమునకు సుమారు 3,80,000 సంవత్సరముల పిమ్మట విడివడిన కాంతి యది. దాని ఉష్ణత ఎటు చూచినను దాదాపు ఒక్కటే. కాని అందు లక్షలో నొకవంతు భేదము కలదని కోబీ అను ఉపగ్రహమువలన 1992లో తెలియవచ్చినది. ఆ అత్యల్పభేదమే నేటి పాలపుంత మొదలగు నక్షత్రసముదాయములకు బీజము. తొలుత కాంతియొక్క ఒత్తిడి సామాన్యపదార్థమును గుమిగూడనీయలేదు. కాంతితో సంబంధము లేని కృష్ణపదార్థము మాత్రము ముందుగనే ముద్దగట్టసాగెను. పరమాణువు లేర్పడి కాంతి విడివడిన పిదప, వాయువు ఆ ముద్దలలోనికి ఆకర్షింపబడి, కోట్లకొలది సంవత్సరములకు నక్షత్రములై వెలిగెను. నిండినచోటు మఱింత నిండెను. వెలితిచోటు మఱింత వెలితిపడెను. ఆ తొలిభేదమునకు విశ్వముయొక్క మహావిస్తరణకాలమునందలి సూక్ష్మస్పందనములు కారణమని పలువురి యభిప్రాయము; ఋజువు ఇంకను సంపూర్ణము కాలేదు.

బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయమున ఇట్టి ప్రశ్నయే కలదు. సృష్టి విషమముగ నున్నందున ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు అంటవా? శంకరభగవత్పాదులు భాష్యమున వర్షమును దృష్టాంతముగ జూపిరి. వరికిని యవలకును వాన సాధారణకారణము. పైరుల భేదము బీజములవలన. ఆకర్షణశక్తియు నట్లే పక్షపాత మెఱుగదు. ఇంతమాత్రమున ప్రాచీనులు నేటి ఖగోళశాస్త్రము నెఱిగియుండిరని చాటుట సత్యము కాదు. వారు విచారించినది జీవుల కర్మమును. శాస్త్రజ్ఞులు విచారించునది జడపదార్థమును.

ఈ పోలికయం దొక ప్రమాదము కలదు. ఉన్నచోటికే చేరుట సృష్టిధర్మమనియు, లేనివాని లేమి వాని కర్మమనియు పలికి చేతులు ముడుచుకొనవచ్చును. జడమునకు వేఱు దారి లేదు, మానవునకు కలదు. అసమత్వము సృష్టికి మూలమని యంగీకరించుచునే, సమత్వమునకై పెనగులాడు శక్తులును సృష్టికి అంతే యవసరమని వివేకానందస్వామి కర్మయోగోపన్యాసములలో బోధించిరి. కర్మసిద్ధాంతము తన్ను తాను దిద్దుకొనుటకే గాని, పొరుగువానికి శిక్ష విధించుటకు గాదు. ఆకలిగొన్నవాడు వాకిట నిలువగా వాని పూర్వజన్మము నెంచువాడు మేఘముకంటె హీనుడు. మేఘము బీజమును విచారింపకయే వర్షించును.