ఏ పువ్వు మర్యాద దానిది

వసంతమంటే చైత్ర వైశాఖాలని పంచాంగం చెబుతుంది. చెట్లు ఆ హద్దులో ఇమడవు. మాఘం నాటికే మామిడి పూతమీద ఉంటుంది. ఫాల్గుణంలో మోదుగ ఆకంతా రాల్చేసి నిలువెల్లా పూస్తుంది. ఉగాదికి అటూ ఇటూగా వేప, ఆ వెనకే కానుగ. మల్లె అయితే ఎండలతోపాటే మొదలై ఎండలతోపాటే పెరుగుతుంది. మనం తలుపులేసుకుని కూర్చునే రోజులొచ్చేసరికి రేల పసుపుపచ్చని గుత్తులు వేలాడేస్తుంది, తురాయి ఎర్రబడుతుంది. మన వసంతం వంతులవారీగా వస్తుంది. ఒకటి వాడుతుండగా ఇంకొకటి అందుకుంటూ మృగశిర కార్తె దాకా సాగుతుంది.

పువ్వు కనబడితే చాలు, మన చెయ్యి ముందుకు పోతుంది. దేవుడి పటానికో, జడలోకో. అందులో తప్పేమీ లేదు. కానీ మిద్దె మీద కుండీల మధ్య, వీధిలో చెట్ల కింద ఏళ్లతరబడి తిరిగాక నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది. పూలన్నిటినీ ఒకే తీరున ఆనందించలేం. ఏ పువ్వుకు ఏ మర్యాదో అది తెలుసుకోవడమే సగం ఆనందం.

మల్లెనే తీసుకోండి. దాన్ని కోయకుండా వదిలేస్తే దానికే అన్యాయం చేసినట్టు. ఎండ కాస్త వాలాక మిద్దెక్కి చూస్తే, ఏ మొగ్గ ఈ రాత్రికి విచ్చుకునేదో, ఏది రేపటిదో ఇట్టే తెలిసిపోతుంది. రేపటిది ఇంకా పచ్చగా, బిగువుగా ఉంటుంది. ఇవాళ్టిది తెల్లగా ఉబ్బి, వేలు తగలగానే తొడిమ నుంచి టుక్కున ఊడి చేతిలోకి వస్తుంది. దోసిట్లో పట్టిన మొగ్గలకు అప్పటికి వాసన ఉండీ లేనట్టే ఉంటుంది. తడిగుడ్డలో చుట్టిపెడితే దీపాలు పెట్టే వేళకు అవే విచ్చుకుని ఇల్లంతా నిండిపోతాయి. నాలుగు పూలు మంచినీళ్ల కుండలో వేసుకోవడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఫ్రిజ్ నీళ్లకు ఆ రుచి రాదు.

ఆ దోసెడు మొగ్గల వెనక ఒక చలికాలం ఉంది. గుండుమల్లె కొత్త చిగుళ్ల కొసనే మొగ్గ తొడుగుతుంది. అందుకని పుష్యమాసంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తారు. ఆ తర్వాత ఎరువేసి మళ్లీ నీళ్లు పెడితే మొక్క ఒక్కసారిగా చిగురిస్తుంది. ఎకరాల్లో మల్లె సాగుచేసే రైతు చేసేదీ ఇదే, పెరట్లో మన అమ్మమ్మలు చేసిందీ ఇదే. పచ్చగా ఉన్న మొక్కను మోడు చేయడానికి చేతులు రావు. రెండు మూడు వారాలు ఆ కుండీ వైపు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా చెయ్యాలి. చైత్రంలో మల్లెలు ఆస్వాదించడమన్నది నిజానికి పుష్యంలో కత్తెర పట్టుకున్న నాడే మొదలవుతుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మొగ్గలు కొని తెచ్చుకున్నా వాసన అదే. ఆ మోడును చూస్తూ గడిపిన రోజులు మాత్రం కొంటే రావు.

ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పుష్పంగా మల్లెను, రాష్ట్ర వృక్షంగా వేపను ప్రకటించింది. రెండూ వసంతకాలానివే, రెండూ బీద ఇంటి ముంగిట్లో కూడా ఉండేవే. ఆ ఎంపిక నాకెంతో నచ్చింది.

వేపపువ్వును కోయనక్కర్లేదు. చెట్టు కింద పాత చీర పరిచి పొద్దున్నే వెళితే చాలు, రాత్రి రాలినదంతా దానిమీద ఉంటుంది. ఒక్క పువ్వు తీసి వేలి కొసన పెట్టుకుని చూడండి. అయిదు తెల్లని రేకులు, మధ్యలో లేత పసుపు గొట్టం. ఆకూ గింజా చేదైన చెట్టుకు వెన్నెల రాత్రుల్లో తేనె వాసన ఎక్కడిదా అని నేను ఏటా ఆశ్చర్యపోతాను. ఏరిన పువ్వును నీడన ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే వానాకాలం దాకా చారులోకి వస్తుంది.

ఉగాది పచ్చడికి పువ్వు దొరకలేదని కొన్నేళ్లు మనం చెట్టును నిందిస్తాం. పండుగ 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. మూడేళ్లలో మూడు వారాలు వెనక్కి జరిగింది. తిథులు చంద్రుడి వెంట నడుస్తాయి, అధికమాసం వచ్చి ఆ తేడాను సర్దుతుంది. వేప నడిచేది ఎండను బట్టి, నేల తడిని బట్టి. కాబట్టి ఒక ఏడు గుత్తులు గుత్తులుగా పూస్తుంది, ఒక ఏడు ఆ రోజుకు మొగ్గలే ఇస్తుంది. మొగ్గల పచ్చడి కూడా ఉగాది పచ్చడే.

నేల నెర్రెలిచ్చే కాలంలో ఇన్ని చెట్లు ఎందుకు పూస్తాయన్న దానికి వేపలో ఒక జవాబుంది. వేప గింజకు ఆయుష్షు తక్కువ. పండు రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. తొలకరికి పండు రాలాలంటే ఎండల మొదట్లోనే పూయాలి. మనకు పండుగగా కనిపించేది చెట్టుకు రాబోయే వాన కోసం చేసే ఏర్పాటు. ఇది తెలిసిన దగ్గర్నుంచి ఆ వాసన నాకు ఇంకా ఇష్టమైంది. ఆ పిలుపు తేనెటీగలకు, నాకు కాదు. నాకోసం కానిదాన్ని దారిన పోతూ అందుకోగలగడం కన్నా భాగ్యం ఏముంది?

మామిడి పూతను అసలు ముట్టకూడదు. ఒక్కో కంకికి వందలు, ఒక్కోసారి వేలల్లో పూలు. వాటిలో చాలావరకు మగవి, కాయకు పనికిరావు. మిగిలినవాటిలోనూ పిందె కట్టి గాలివానకు నిలిచి కాయయ్యేది ఒకటో రెండో, చాలా కంకులకు అదీ ఉండదు. పూత నిండా ముసిరే ఈగల్ని చూసి కొందరు మందు కొట్టించాలని తొందరపడతారు. తేనెమంచు పురుగు సంగతి వేరు, దాని సంగతి పూత విచ్చుకోకముందే చూసుకోవాలి. నిండుపూత మీద వాలే ఈగలు పరాగం మోసే కూలీలు. వాటిని చంపి కాయలు కావాలంటే ఎలా? పూతకొచ్చిన మామిడి కింద చేతులు కట్టుకుని నిలబడగలగడం కూడా ఒక విద్యే.

మోదుగ దగ్గరకు మనమే వెళ్లాలి. కుండీలో ఒదగదు, కోసి తెస్తే ఇల్లు చేరేలోపే వాడిపోతుంది. ఆదిలాబాద్ వైపు వెళ్లే దారిలో ఫాల్గుణంలో బస్సు కిటికీలోంచి చూస్తే ఎండిన అడవి మధ్య కాషాయపు చెట్లు కనిపిస్తాయి. ఆగి దగ్గరకు పోతే ఇంకో అందం. నల్లటి ముఖమల్ లాంటి తొడుగులోంచి వంకీ తిరిగిన రేకు బయటికి వస్తుంది. వాసన లేదు, తేనె నిండుగా ఉంది. గోరింకలు, తేనెపిట్టలు కొమ్మ కొమ్మకూ మారుతుంటాయి. హోలీకి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీసేవారు, ఆకులు విస్తళ్లవుతాయి. మనిషికి ఇంత ఉపయోగపడే ఆ చెట్టు అందం మాత్రం అక్కడికి నడిచి వెళ్లినవాడికే దక్కుతుంది.

తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది, కాగితంపూల తీగ దక్షిణ అమెరికా నుంచి. వచ్చిన చోటు ఏదైతేనేం, మే నెలలో స్కూలు సెలవుల జ్ఞాపకాలన్నీ వాటి కిందే ఉన్నాయి. అవి మనవే.

ఇక కానుగ. నగరాల్లో వీధికి నీడనిచ్చేవాటిలో ముందుండేది అదే. మనం పేరుపెట్టి పలకరించని చెట్టూ అదే. చైత్రంలో దాని కొత్తాకు తళతళ చూసి తీరాలి. ఆ వెంటనే లేత ఊదా కలిసిన తెల్లపూలు తెల్లారేసరికి రోడ్డంతా పరుచుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, వానలకు ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పని మొదలవుతుంది. తీగకు తగిలే కొమ్మ తీయాల్సిందే. కానీ చేతిలో కత్తి ఉంది కదా అని నిండుపూత మీదున్న చెట్టును మొదలు దాకా నరికేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఈసారి మీ వీధిలోకి కొమ్మలు కొట్టేవాళ్లొస్తే దయచేసి కిందికి దిగండి. ఇన్ని మంచినీళ్లిచ్చి, తీగలకు అడ్డొచ్చే కొమ్మ వరకే కొట్టమని అడగండి. అడిగితే చాలామంది వింటారు.