కారణం దొరకని దుఃఖం

యోబు అనగానే అతని ఓర్పు గుర్తొస్తుంది, స్నేహితులు గుర్తురారు. పిల్లలూ ఆస్తీ పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషిని పరామర్శించడానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటా పలుకూ లేకుండా నేలమీద అతని పక్కనే కూర్చున్నారు. ఆ వారం రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. ఊరికే ఇంత కష్టం రాదు, నువ్వేదో తప్పు చేసే ఉంటావని మొదలుపెట్టారు. గ్రంథం చివర దేవుడు యోబునూ గట్టిగానే నిలదీస్తాడు కానీ, తన గురించి సరిగ్గా మాట్లాడలేదని కోప్పడింది మాత్రం ఆ ముగ్గురి మీదే.

ఆ ముగ్గురి మాట తెలుగిళ్లలో కొత్తేమీ కాదు. ఏ జన్మలో చేసుకున్న పాపమో, అంటారు. చదువుకున్నవాళ్లు పూర్వజన్మ జోలికి పోరు గానీ, "అన్నీ ఉన్నాయి కదా, నీకేం తక్కువ?" అంటారు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే పట్టుదల: దుఃఖానికి లెక్క చూపించాలి.

మానసిక వ్యాధి మీద కథ రాయబోయే రచయితను మొదట ఇరుకున పెట్టేది ఇదే. కథా శిల్పం కూడా ఒక చిన్న కర్మ సిద్ధాంతమే. మూడో పేజీలో జరిగినదాని ఫలితం తొమ్మిదో పేజీలో కనబడాలి. కనబడకపోతే సంపాదకుడు కథ తిప్పి పంపుతాడు, పాఠకుడు పెదవి విరుస్తాడు. డిప్రెషన్ మాత్రం చాలాసార్లు ఏ పేజీతోనూ పని లేకుండా వస్తుంది. అంచేత రచయిత ఒక అత్తగారినో, విఫల ప్రేమనో, చిన్ననాటి గాయాన్నో తెచ్చి అతికిస్తాడు. అలాంటి గాయాలు నిజంగా మనుషుల్ని కుంగదీస్తాయి, కాదనలేం. కానీ ప్రతి కథలోనూ ఒక ముద్దాయి దొరికితే, ఏ ముద్దాయీ లేని రోగి తనను తానే బోనులో నిలబెట్టుకుంటాడు.

ఈ చిక్కు బుద్ధుడి దగ్గరికీ వచ్చింది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటున్నారు, మీరేమంటారని మోళియ శివకుడనే పరివ్రాజకుడు అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పైత్యం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, హఠాత్తుగా వచ్చిపడే దెబ్బ. కర్మఫలం ఎనిమిదోది, చిట్టచివరిది. అన్నిటినీ కర్మకే కట్టబెట్టేవాళ్లు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. కథలు రాసేవాళ్లకు ఇంతకంటే పెద్ద వెసులుబాటు ఏ మతగ్రంథమూ ఇచ్చినట్టు లేదు.

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా చెప్పుకుంటారు. 1940లలో వచ్చింది. సీతారామారావు వంశగౌరవం నిలబెట్టే తాపత్రయంలో ఆస్తి కరగదీస్తాడు, ఎక్కడా ఇమడలేడు, భార్య మీద చెయ్యి చేసుకుంటాడు, చివరికి శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు. గోపీచంద్ హేతువాది రామస్వామి చౌదరి కొడుకు. ప్రశ్నించడం నేర్పిన ఆ తండ్రికే నవలను అంకితమిచ్చాడు. హేతువాది బిడ్డ కదా, కారణాలన్నీ ఓపిగ్గా పోగుచేశాడు. అయినా పుస్తకం మూశాక లెక్క తేలదు. అవే పరిస్థితుల్లో ఇంకొకడు ఎలాగోలా బతికేస్తాడు. నవల బలం ఆ తేలని లెక్కలోనే ఉంది. తర్వాతి కాలంలో గోపీచంద్ అరవిందుల తత్వం వైపు మళ్లడానికి విత్తు ఇక్కడే పడిందేమో అనిపిస్తుంది.

1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఇంకో అడుగు వేసింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి నిద్ర లేచిన దగ్గర్నుంచి ఒకే ఒక్క రోజు. అతని తలలో తిరిగేదే కథ. ఆ పుస్తకాన్ని పాఠకులు ఎంతగా అక్కున చేర్చుకున్నారంటే, దాని పేరే రచయిత నవీన్‌కు ఇంటిపేరైంది. రచయితకు దన్ను అంటే అలా ఉండాలి.

మెచ్చుకుంటే చాలదు, తప్పు చూపించేవాళ్లూ కావాలి. మొదటి మాత్ర వేసుకున్న మర్నాడే నాయిక కిటికీ తెరిచి నవ్వుతుంది మన కథల్లో. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. షాక్ ట్రీట్‌మెంట్ అనగానే కాళ్లూ చేతులూ కట్టేసి కేకలు పెట్టించే సన్నివేశం తయారు. మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. చిత్తుప్రతిని ఒక సైకియాట్రిస్టు, ఆ జబ్బుతో బతుకుతున్న ఒక మనిషి చదివితే ఇలాంటివి అచ్చుకు ముందే రాలిపోతాయి. డాక్టరు మందుల తప్పులు పట్టుకుంటే, జబ్బుతో బతికే మనిషి మాటల్లోని కృత్రిమం పట్టుకుంటాడు.

ఆత్మహత్య రాసేటప్పుడు ఈ రెండో కన్ను మరీ అవసరం. 1774లో గోథే ‘వెర్థర్’ వచ్చాక అనుకరణ చావుల భయంతో లైప్‌జిగ్ నగరం ఆ పుస్తకాన్నే నిషేధించింది. అంతమాత్రాన రచయితల నోరు కట్టేయనక్కర్లేదు. మోజార్ట్ ‘మేజిక్ ఫ్లూట్’లో పాపగేనో చనిపోవడానికి సిద్ధపడతాడు. ముగ్గురు పిల్లలు వచ్చి, నీ గంటలు ఒకసారి మోగించి చూడమంటారు, బతుకుతాడు. సంక్షోభాన్ని దాటిన మనుషుల కథలు కొందరిని కాపాడతాయని పరిశోధకులు 2010లో గమనించి, ఆ ఫలితానికి ఈ పాపగేనో పేరే పెట్టారు.

ఇక దేవుడు, దయ్యం. గాలి సోకిందని నమ్మే ఇంటి గురించి రాస్తూ రచయిత ఆ నమ్మకాన్ని వెక్కిరిస్తే కథలో సగం మనుషులు అట్టముక్కలైపోతారు. తాయెత్తు కట్టిన చెయ్యే పొద్దున మాత్రల స్ట్రిప్పు నొక్కి బిళ్ల తీసి ఇస్తుంది. 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’లో సైకియాట్రిస్టూ మంత్రవాదీ కలిసి పనిచేస్తారు. ‘చంద్రముఖి’గా తెలుగువాళ్లూ విరగబడి చూశారు. అది సినిమా లాజిక్ అని కొట్టిపారేయడానికీ లేదు. గుజరాత్‌లోని ఉనావా మీరాదాతార్ దర్గాలో ప్రార్థనకు వచ్చినవాళ్లకే పక్కన మానసిక వైద్యమూ అందించే ఏర్పాటు నిజంగానే నడిచింది.

మన కథల పోటీలు కొసమెరుపును ఇంకా వరంగానే చూస్తున్నాయి. ఆఖరి పేరాలో, ఇంతసేపూ మాట్లాడింది మతి చెడిన మనిషని తేలుతుంది, బహుమతి వస్తుంది. ఆ మనిషి మర్నాడు పొద్దున ఎలా లేచాడో రాసిన కథకు మెరుపు ఉండదు. పత్రికలవాళ్లు ఈ ఉగాదికైనా అలాంటి కథకు ఒక బహుమతి పక్కన పెట్టవచ్చు, పారితోషికంలో కొంత చిత్తుప్రతి చదివి పెట్టిన సైకియాట్రిస్టుకూ, జబ్బుతో బతికే మనిషికీ ఇవ్వవచ్చు.