ఇఫ్‌ఈక్వల్ పోతే నాకెందుకు బాధ?

2021 డిసెంబరులో వచ్చిన పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.0లో, టెంప్లేట్ల నుంచి ఇఫ్‌ఈక్వల్ ట్యాగ్‌ని తీసేశారు. నాకు ఒళ్లు మండింది. నడుస్తున్నదాన్ని పీకెయ్యడం దేనికి, దాని మానాన దాన్ని ఉండనిస్తే ఎవరి సొమ్ము పోయింది అని టీమ్‌లో అందరితోనూ వాదించాను. ఆ వాదనలో ప్రాజెక్టు బాగు ఎంత, నా సొంత గోల ఎంత అని తర్వాత తీరిగ్గా చూసుకుంటే, గోలే ఎక్కువని తేలింది.

రెండు విలువలు సమానమా అని అడగడం తప్ప ఆ ట్యాగ్‌కి వేరే విద్య రాదు. 2010లోనే, 1.2 వెర్షన్‌తో, మామూలు ఇఫ్‌కి ఆ పోలికలన్నీ వచ్చేశాయి. ఆ తర్వాత ఎలిఫ్ కూడా వచ్చింది. ఇఫ్‌ఈక్వల్‌కి ఆ సుఖం లేదు. ఆర్డర్ పెండింగా, పంపామా, చేరిందా అని చూడాలంటే ఒకదాని కడుపులో ఇంకొకటి దూర్చి, చివర ఎండ్‌ఇఫ్‌ఈక్వల్‌లు వరసగా పెట్టుకుంటూ పోవాలి. ఒక్కటి తగ్గినా పేజీ రాదు. అది ఎక్కడ తగ్గిందో చూడగానే పట్టేస్తానని నాకు పేరు. కొత్తగా చేరిన పిల్లలు "అన్నా, ఒక్కసారి చూడవా" అంటూ వచ్చేవాళ్లు. నాకు పోతుందని బెంగ పట్టుకున్నది ఆ పిలుపు. పాత టెంప్లేట్లు వట్టి సాకు.

జాంగోలోనే లింకులు కట్టే యూఆర్‌ఎల్ ట్యాగ్ దగ్గర మాత్రం నా గొణుగుడులో కొంత న్యాయముంది. మొదట్లో వ్యూ పేరు కోట్స్ లేకుండానే రాసేవాళ్లం. 2013లో, 1.5 నుంచి, అదే రాతని వేరియబుల్‌గా చదవడం మొదలుపెట్టారు. ఇఫ్‌ఈక్వల్‌ని తీసేస్తే కనీసం ఆ ట్యాగే తెలియదని ఎర్రర్ చెబుతుంది. ఇక్కడ ట్యాగ్ ఉంటుంది, లింకు దొరకదు. అయినా 1.3 నుంచే ఫ్యూచర్ లైబ్రరీ లోడ్ చేసుకుని కొత్త పద్ధతికి అలవాటు పడే వీలిచ్చారు కాబట్టి, దౌర్జన్యం అనడానికి లేదు.

ఇఫ్‌ఈక్వల్‌కీ 2020 ఆగస్టులో, 3.1లోనే, హెచ్చరిక పెట్టారు. నా లెక్కలో అది పదేళ్లు ఆలస్యం. మామూలుగా నడిపితే పైథాన్ ఇలాంటి హెచ్చరికల్ని దాచేస్తుంది. అప్‌గ్రేడ్ పెట్టుకున్నవాళ్లు వార్నింగులు కనబడే ఆప్షన్‌తో టెస్టులు నడపండి. టెంప్లేట్ లోడ్ అయితేనే హెచ్చరిక వస్తుంది కనుక, ఎవరూ తెరవని పేజీలని కూడా టెస్టుల్లో ఒకసారి తెరిపించండి.