గొలుసు పట్టినవాని ఋణము

వేసవిలో దాహము తీర్చుట పుణ్యకార్యమని ఎల్లరును ఎరుగుదురు. ఎండలు ముదిరినంతనే చలివేంద్రములు వెలయును, పిట్టగోడలపై పిచ్చుకలకు మూకుళ్ళలో నీరు పెట్టబడును. ఇవి దానములు. కాని ఇంట గొలుసుతో కట్టిన కుక్కకు పెట్టు నీరు దానమా, ఋణమా అనునది వేరు ప్రశ్న. దానము చేయకున్నచో పుణ్యము రాదు, అంతే. ఋణము తీర్చకున్నచో దోషము వచ్చును.

హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట, పంజగుట్టలలో మిట్టమధ్యాహ్నము నడచినచో ఈ భేదము కన్నులకు కట్టును. ఏప్రిల్, మే మాసములలో నగరమున వేడిమి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు నమోదైనది. అట్టి ఎండలో వీధికుక్క మెట్రో స్తంభము నీడనో, నిలిపిన ఆటో క్రిందనో, కుళాయి కారుచోటనో తన తావు తాను వెదకికొనును. దానికెవ్వరును అన్నము పెట్టకపోవచ్చును. అయినను దాని కాళ్ళు దానివి. నాలుగవ అంతస్తు బాల్కనీలో కట్టబడిన పెంపుడు కుక్కకు ఆపాటి భాగ్యము లేదు. ఉదయము నీడగానున్న మూల మధ్యాహ్నమునకు పెనమగును. యజమాని కార్యాలయమునుండి వచ్చువరకు అది ఆ పెనముమీదనే పడియుండవలెను. స్వేచ్ఛను తీసికొన్నవాడు, ఆ స్వేచ్ఛ సంపాదించి పెట్టగల నీడను, నీటిని తానే సమకూర్చవలెను గదా! దయ మాట ఆ తరువాతిది.

శాసనమును ఈ త్రోవనే నడచినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, పెంచుకొను ప్రాణికి చాలినంత తిండి, నీరు, ఆశ్రయము ఇయ్యకుండుటను, మరీ పొట్టి గొలుసుతో కట్టుటను నేరములుగా నెంచినది. రామచిలుక సంగతి ఇంకను స్పష్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పంజరమున బెట్టుటయే తప్పు. పంజరము నెచట వ్రేలాడదీయవలెనను విచారమే అక్కరలేదు.

ప్రేమకు కొదువలేని ఇండ్లలోను తెలియమివలన ప్రాణములు పోవుట కలదు. కుక్కకు మనవలె మేనెల్ల చెమట పట్టదు. అరికాళ్ళ మెత్తలలో మాత్రము కొద్దిగా పట్టును. నాలుక చాచి రొప్పుచు, ఆ తడి ఆవిరియగుటచేతనే అది ఒడలు చల్లబరచుకొనును. కావుననే కిటికీలన్నియు మూసి కూలరు నడిపిన గదిలో, గాలి చెమ్మయై, ఆ రొప్పు నిష్ఫలమగును. కూలరు పెట్టినవారు కిటికీ కొంత తెరచియుంచవలెను. పగ్గు వంటి చప్పిడిముక్కు జాతులకు ఊపిరియే ఇరుకు. వాటి విషయమున రెట్టింపు జాగ్రత్త వలయును. నిలిపిన కారులో, అద్దము కొంచెము దించియైనను, ఏ ప్రాణిని విడువరాదు. ఆరోగ్యవంతమైన కుక్క ఒంటివేడి 101 మొదలు 102.5 ఫారన్‌హీటు డిగ్రీలవరకు నుండును. 105 దాటినచో ప్రాణాపాయము. చొంగ చిక్కబడి, చిగుళ్ళు ఎఱ్ఱబారి, తూలుచున్నచో వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి, గాలి విసరుచు పశువైద్యునికడకు కొనిపోవలెను. మనుష్యుల జ్వరపుమాత్ర ఇయ్యరాదు. వడదెబ్బ జ్వరము కాదు. పైగా పారాసెటమాల్ పిల్లికి విషము.

మనుష్యులే బిందెలతో ట్యాంకరుకై ఎదురుచూచు దినములలో కుక్కకు శీతలయంత్రమా అని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణలో సగము సత్యమున్నది. నీడ, గాలి, గిన్నెడు నీరు బాకీలోనివి. శీతలయంత్రము బాకీలోనిది కాదు. అయితే మంచునేలలకు పుట్టిన హస్కీని వేడుకకై కొనితెచ్చి మండుటెండల నగరమున నిలిపినవాడు తన బాకీని తానే పెంచుకొన్నాడు. ఆ జాతికి చల్లదనము విలాసము కాదు. దానిని తీర్చగల శక్తి లేనివాడు అంగడిలోనే ఆగియుండవలసినది.

దయ లేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మమని ఒప్పుకొనలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కుక్క వేదము చదివిన కథ కలదు. తక్కువదని త్రోసివేయబడిన ప్రాణి ఆ కథలో కులగర్వమును సిగ్గుపరచినది. ఆ కథను చదువు ఇండ్లలో దయ కుక్కతో ఆరంభమై కుక్కతోనే ఆగిపోరాదు. ఎండకాలపు ఉదయము పదకొండు గంటలకు ఈ పేటల వీధులలో కుక్కను త్రిప్పువారు పలుమారు యజమానులు కారు, పనివారు. అరచేతి వెనుకభాగము తారుపై ఏడు సెకన్లు ఆనింపలేకపోయినచో కుక్క పాదమచట మోపరాదని పెద్దలు పిల్లలకు నేర్పుచున్నారు. మంచిదే. కాని గొలుసు పట్టినవాని కాళ్ళకు అరిగిన చెప్పులున్నవో లేవో అదే చూపుతో చూచువారెందరు? షికారును ఆరు గంటలకు మార్చినచో ఇరువురి పాదములును ఒక్కమారే కాపాడబడును. అందుకై పనివానిని చీకటితో రమ్మనుట న్యాయము కాదు గనుక, ఆ రెండు నెలలు యజమానియే లేచి గొలుసు పట్టవలసియుండును.